కరిముల్లా బాబాయి నల్ల అర

నాకు కోపం ఎక్కువని ఆటోనగర్‌లో చాలామందికి తెలుసు. చల్లబడ్డాక రాద్దామని మూడు నెలలు ఆగాను. చల్లబడలేదు. ఇక ఆగి లాభం లేదని మొదలుపెడుతున్నాను.

నా పేరు రామతులసి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపులో పదకొండేళ్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఆ షాపు స్టోరులో ముప్పై ఒక్కేళ్లుగా పనిచేస్తున్న మనిషి కరిముల్లా. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆ ముప్పై ఒక్కేళ్లలో ఆయన చేతి మీదుగా ఒక్క పాడు సామాను కూడా బయటికి పోలేదు. ఆయన సంపాదించుకున్నదంతా ఆ ఒక్క పేరే. దాన్ని ఒక ఎక్సెల్ షీటుతో తుడిచేయబోయారు. ఆ షీటు చేసింది నేను. అందుకని ఈ కోపంలో నా వాటా కూడా ఉంది, దాచుకోను.

బాబాయిది ఇబ్రహీంపట్నం. వయసులో ఉండగా లారీలకు రంగులేసేవాడు. లారీ వెనక తలుపు మీద నెమళ్లు, తామరపూలు, ఓనరు పిల్లల పేర్లు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అసలు రాదు. అయినా ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా వేసేవాడట. బొమ్మ చూసి బొమ్మ వేసినట్టే అనేవాడు. రంగు పొడి ఊపిరితిత్తులకు పట్టి దగ్గు మొదలయ్యాక, ఆ పని మానకపోతే బతకవని డాక్టరు చెప్పాడు. అప్పుడు మా పెద్దాయన రత్తయ్య గారు స్టోరులో పనిచ్చారు. రత్తయ్య గారు గుడ్లవల్లేరు వైపు రైతు. పొలం కౌలుకిచ్చి వచ్చి ఆ షాపు పెట్టుకున్నారు.

మొదటి వారం బాబాయికి నరకం. అట్టపెట్టెల మీద అన్నీ ఇంగ్లీషు పేర్లు. ఏది ఆటోదో ఏది ట్రాక్టరుదో తెలియదు, అడిగితే నవ్వుతారు. ఆదివారం షాపు తాళం అడిగి తీసుకుని, పాత షెడ్డు నుంచి మిగిలిపోయిన రంగు డబ్బాలు మోసుకొచ్చి ర్యాకులన్నిటికీ పూశాడు. ఆటో సామానుకి పసుపు, లారీలకి నీలం, ట్రాక్టర్లకి ఎరుపు. మూలన అడుగు అరకి మాత్రం నలుపు. సోమవారం వచ్చిన రత్తయ్య గారు చుట్టూ చూసి, ఇదేంటి కరిమూ, తిరునాళ్ల కొట్టులాగా చేశావు అన్నారట. తర్వాత నెల తిరక్కుండానే షాపులో అందరూ రంగులతోనే మాట్లాడటం మొదలుపెట్టారు.

నల్ల అర సంగతి వేరు. తిరిగొచ్చిన సామాను, పగుళ్లున్నవి, అనుమానంగా ఉన్నవి అందులో పెట్టేవాడు. నల్ల అరలోది రత్తయ్య గారు అడిగినా ఇచ్చేవాడు కాదు. ఒకసారి నిజంగానే అడిగితే, "మీకివ్వను సార్, మీరు దయగలవారు, ఎవరికో ఇచ్చేస్తారు" అన్నాడని పెద్దాయనే నవ్వుతూ నాకు చెప్పారు.

నేను చేరాక స్టాకు అంతా ఎక్సెల్‌లోకి ఎక్కించాను. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని నా కుర్చీ వెనక నిలబడి చూశాడు.

"ఇదంతా తెల్లగా ఉందేంటమ్మా తులసమ్మా? నేనెట్టా చూసేది?"

ఆ మాటతో వరసలన్నిటికీ ర్యాకుల రంగులే వేశాను. పసుపు వరసలు, నీలం వరసలు, ఎరుపు వరసలు. నల్ల అరలో ఉన్నవాటికి నల్ల గడి, తెల్ల అక్షరం. ఎనిమిది వేల నాలుగు వందల అరవై వరసలు. పూర్తయ్యాక కౌంటరు అవతల నుంచి కళ్లద్దాలు సవరించుకుని బాబాయి నాకంటే వేగంగా చూసి చెప్పేవాడు. నాకప్పుడు గర్వంగా ఉండేది. నల్ల గడి అంటే పాడైన సరుకు అని పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అందరికీ తెలిసిందే కదా, ఎందుకు రాయడం అనుకున్నాను. నా మొదటి తప్పు అదే.

రెండేళ్ల కిందట ఆటోల బ్రేకు హోసులు ఒక లాటు వచ్చింది. బ్రేకు నూనెను చక్రం దాకా తీసుకెళ్లే రబ్బరు గొట్టం అది, మూరెడు కూడా ఉండదు. ఒక మెకానిక్ రెండు తిరిగి తెచ్చాడు, ఉబ్బిపోయి ఉన్నాయి. బాబాయి ఆ లాటు మొత్తం బయటికి తీసి, ఒక్కోదాన్ని చేత్తో వంచి చూసి, ఇరవై నాలుగూ నల్ల అరలో పెట్టాడు. వాటి లోహపు కొన మీద మూడు చుక్కల గుర్తుంది. కంపెనీవాళ్లు సరుకు వెనక్కి తీసుకుంటామన్నారు, వాళ్ల మనిషి వస్తే అప్పగించమన్నారు. ఆ మనిషి రాలేదు. సరుకు ఉన్నట్టు షీటులో ఉండాలి కాబట్టి నేను నల్ల వరసలో ఇరవై నాలుగు అని రాశాను. మంచివి పసుపు వరసలో పదకొండు. రెంటికీ కోడ్ నంబరు ఒకటే.

నిరుడు రత్తయ్య గారు పోయారు. కొడుకు పవన్‌కుమార్ కుర్చీలోకి వచ్చాడు. చెడ్డవాడని మొదట్లో అనుకోలేదు. హైదరాబాదులో చదివాడు, షాపుని పైకి తేవాలనుకున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. దాన్ని పెట్టించడానికి ఆ కంపెనీ నుంచి అక్షయ అనే అమ్మాయి వచ్చింది. వచ్చిన రోజే నా షీటు తెరిచి చూసి నవ్వింది.

"ఏంటి మేడం, హోలీ ఆడారా? ఫార్మాటింగ్ అంతా తీసేయండి. ఎక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ రంగుల్ని తీసుకోదు."

"ఆ రంగులకి అర్థం ఉందండీ. నల్లవి అమ్మకూడనివి."

"రంగులు డేటా కాదు మేడం. అమ్మకూడదంటే ఇంకో కాలమ్ పెట్టి అందులో రాయండి. అప్పుడు దానంతట అదే ఆపేస్తుంది."

నిజం చెప్పాలి. ఆ అమ్మాయి చెప్పింది సరైన మాట. ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, బాబాయి పక్కన కూర్చుంటే రెండు రోజులు చాలన్నాను. ఆ రెండు రోజులు ఇవ్వనిది పవన్‌కుమార్. ఎందుకో వింటే మీకూ ఒళ్లు మండుతుంది. సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టడానికి పంతులు గారు ముహూర్తం పెట్టారు. శనివారం ఉదయం పది గంటల ముప్పై రెండు నిమిషాలు. అది దాటితే మళ్లీ మంచి రోజు లేదట. ఆ శనివారం బక్రీదు. బాబాయి పండక్కి శుక్ర, శని, సోమ మూడు రోజులు సెలవు పెట్టి ఉన్నాడు.

"ఆయన వచ్చాక చేద్దాం సార్," అన్నాను.

"ఆయనకి కంప్యూటర్ వచ్చా? ఆయనొచ్చి చేసేదేముంది మేడం?"

పండగ ముందు రోజు పదిమంది కూలీలు వచ్చి ర్యాకులన్నిటికీ బూడిదరంగు కొట్టారు. ఒకే కోడ్ ఉన్న సామానంతా ఒకే అరలోకి సర్ది, మీద స్టిక్కర్లు అంటించారు. లోపల నేను షీటు ఎక్కిస్తున్నాను. ఎక్కించడం అంటే ఒకసారి నొక్కితే అయిపోయే పని కాదు. ఒక కాలమ్ పేరు తేడా ఉన్నా మొత్తం తిప్పికొడుతుంది. ఫార్మాటింగ్ తీసేయమన్నారు, తీసేశాను. పదకొండేళ్ల రంగులు ఒక్క క్లిక్కుతో తెల్లబడ్డాయి. ఒకే కోడ్ రెండు వరసల్లో ఉందని తప్పు చూపించింది. కలిపేయండి మేడం అంది అక్షయ. కలిపేశాను. పదకొండూ ఇరవై నాలుగూ ముప్పై అయిదు. అలాంటివి రెండు వందల దాకా ఉన్నాయి, కళ్లు తిరుగుతున్నాయి, ఏది నల్లదో ఏది పసుపుదో ఆ తెలుపులో నాకే తెలియలేదు. ఒక్కసారి ఆగి, ఇది నేను చేయను అని లేచి ఉంటే సరిపోయేది. లేవలేదు.

చివరికి ఒక తప్పు మిగిలింది. సరుకు ఇచ్చే బాధ్యుడు అని ఒక కాలమ్, అది ఖాళీగా ఉంటే ఒక్క వరస కూడా ఎక్కదు. ఎవరి పేరు పెట్టమంటారని పవన్‌కుమార్‌ని అడిగాను.

"స్టోరు కీపర్ పేరు పెట్టేయండి. ముందు ఎక్కనివ్వండి."

పై గడిలో కరిముల్లా అని కొట్టి, మూల పట్టుకుని కిందికి లాగాను. ఎనిమిది వేల పైచిలుకు వరసల్లో కరిముల్లా, కరిముల్లా, కరిముల్లా. మొత్తం ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ చేత్తోనే లాగాను.

మర్నాడు ముహూర్తానికి మానిటరుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. సరిగ్గా పది ముప్పై రెండుకి ఒక ఆటో డ్రైవరు బ్రేకు హోసు కావాలని కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. బోణీ అదే అయింది. స్లిప్పు రాగానే కూలీ కుర్రాళ్లు సర్దిన అరలోంచి పసుపురంగు హోసు పాకెట్ ఒకటి తెచ్చిచ్చారు. పవన్‌కుమార్ దాన్ని రెండు చేతులా పట్టుకుని డ్రైవరుకి అందించాడు. అక్షయ ఫోటో తీసింది. తర్వాత ఆ ఫోటో ఫ్రేము కట్టించి, ఆఫీసు గదిలో రత్తయ్య గారి పటం పక్కనే పెట్టుకున్నాడు.

బాబాయి సెలవు అయ్యాక వచ్చాడు. డబ్బాలో నాకోసం తెచ్చిన సేమ్యా బల్ల మీద పెట్టి స్టోరులోకి వెళ్లాడు. ఎంతకీ బయటికి రాలేదు. నేను వెళ్లి చూస్తే, బూడిదరంగు ర్యాకుల మధ్య చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నల్ల అర ఏదీ?"

పెన్‌డ్రైవులో పాత షీటు కాపీ ఉంటే తెరిచాను. నల్ల వరసలు ఒక్కోటీ చదువుతుంటే ఆయన వెతికి బయటికి తీశాడు. మిగతావన్నీ దొరికాయి. హోసుల అర దగ్గర కింద కూర్చుని, పాకెట్లు ఒక్కోటీ వెలుతురుకి పట్టి కొనలు చూశాడు. ముప్పై అయిదులో తొమ్మిది అమ్ముడుపోయి ఇరవై ఆరు ఉన్నాయి. అందులో మూడు చుక్కలవి పదిహేడు.

"ఏడు పోయినయ్యమ్మా," అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి.

ఇద్దరం పవన్‌కుమార్ గదిలోకి వెళ్లాం. అంతా విన్నాడు. కంప్యూటరులో చూసుకున్నాడు.

"ముప్పై అయిదులో తొమ్మిది పోతే ఇరవై ఆరు. అరలో ఎన్నున్నాయి? ఇరవై ఆరేగా? లెక్క సరిపోయిందిగా, ఇంకేంటి?"

"సార్, ఆ ఏడూ బండ్ల కిందున్నయ్. వాటి మీద మనుషులెక్కుతారు. ఎవరు పట్టుకెళ్లారో చెప్తే నేను పోయి మార్చొస్తాను."

"క్యాష్ కస్టమర్ అని పడింది కరిముల్లా. పేర్లు లేవు. ఇప్పుడు నువ్వు ఊరంతా చాటింపేస్తే మన షాపు మెట్లు ఎవడెక్కుతాడు? ఏమీ కాదులే, పోయి పని చూస్కో."

తండ్రి వయసు మనిషిని నువ్వు అన్నాడు. అది కాదు నా బాధ. నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఉద్యోగం, ఇంటి అద్దె, పాపకి జూన్‌లో కట్టాల్సిన ఫీజు, ఇవన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. కోపిష్టినని పేరుంది కదా, అవసరమైన చోట మాత్రం నోరు పెగల్లేదు.

బాబాయి ఊరుకోలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి షాపు వదిలి ఆటో స్టాండ్లకు వెళ్లేవాడు. ఆటోనగర్ గేటు, బెంజిసర్కిల్, బస్టాండు, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం. తువ్వాలు పరుచుకుని బండి కిందికి దూరి, ఫోను లైటు వేసి కొన చూసేవాడు. చాలామంది డ్రైవర్లకు ఆయన ఎరిగిన మనిషే. "ఏంటి బాబాయ్, కింద ఏం పారేసుకున్నావ్?" అని ఆటపట్టించేవారు. దొరికితే, జేబులోంచి తన డబ్బుతో కొన్న మంచి హోసు తీసి అక్కడికక్కడే మార్పించేవాడు. మోకాళ్లు వాచిపోతున్నాయని ఆయన భార్య ముబీనా గారు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. "నువ్వయినా చెప్పమ్మా, ఆదివారం కూడా ఇంట్లో ఉండటంలేదు" అన్నారు. నేను ఏమని చెప్పను? పదకొండు రోజుల్లో మూడు దొరికాయి. నాలుగు మిగిలాయి.

పన్నెండో రోజు పొద్దున ఇబ్రహీంపట్నం నుంచి కొండపల్లి వెళ్లే రోడ్డు మీద ఒక ఆటో ఆగి ఉన్న బూడిద మోసే లారీని గుద్దుకుంది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకంటుకుపోయిందని డ్రైవరు చెప్పాడు. వెనక సీట్లో తెరేసమ్మ ఉంది. కొండపల్లిలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. బళ్లు తెరిచారని వేసవి సెలవుల తర్వాత పనికి పోతోంది. ఆమె కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మెకానిక్ బండి విప్పితే హోసు నిలువునా చీలిపోయి ఉంది. కొన మీద మూడు చుక్కలు. డ్రైవరు డబ్బాలో మా షాపు స్లిప్పు ఉంది, బక్రీదు వెళ్లాక సోమవారం తేదీతో.

బాబాయి ఆస్పత్రికి వెళ్లాడు. తెరేసమ్మ మంచం మీద పడుకుని, నువ్వేనా ఇచ్చింది అని అడిగిందట. "నేనివ్వలేదమ్మా. కానీ నేనుంటే పోయేది కాదు" అన్నాడట. ఆమె తల తిప్పుకుందట. ఆ రోజు నుంచీ ఆయన భోజనం డబ్బా తెరవలేదు, తెచ్చింది తెచ్చినట్టే ఇంటికి తీసుకెళ్లేవాడు.

రెండు రోజులకి ఆటో యూనియన్ వాళ్లు నలుగురు షాపుకి వచ్చారు. పవన్‌కుమార్ వాళ్లకి కూల్ డ్రింకులు తెప్పించాడు. నన్ను కూడా పిలిచాడు, సిస్టంలో వివరాలు చూపించడానికి. బాబాయి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"చూడండి, మాది పాత పద్ధతి షాపు కాదు," అని మొదలుపెట్టాడు పవన్‌కుమార్. "ఏ సామాను ఎవరు ఇచ్చారో నిమిషంతో సహా పడుతుంది. ఇదిగో, ఆ హోసు ఇచ్చింది కరిముల్లా. పెద్దాయనయ్యాడు, చూపు ఆనడంలేదు, పొరపాటు చేశాడు. ఒప్పుకుంటూ రాసిస్తాడు, పని మానేస్తాడు. ఆయన మీద కేసు లేకుండా మనమే చూసుకుందాం."

బల్ల మీద కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. నా నిర్లక్ష్యం వల్ల పాడైన సరుకు నా చేతి మీదుగా వెళ్లినది అని. బాబాయి కళ్లద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివాడు. నా చేతి మీదుగా అన్నచోట ఆగిపోయాడు. మళ్లీ చదివాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇస్తాను సార్. నల్ల అర నాది. దాన్ని నేను కాచుకోవాల్సింది. సంతకం పెడతాను, మిగతా మూడూ దొరికిందాకా మాత్రం నన్ను తిరగనియ్యండి."

ఆయన పెన్ను మూత తీస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ చెయ్యి పట్టుకున్నాను.

"పెట్టొద్దు బాబాయ్! నీ పేరు అక్కడ పెట్టింది నేను."

"మేడం, మీరు తర్వాత మాట్లాడండి," అన్నాడు పవన్‌కుమార్.

"తర్వాతెప్పుడు? పన్నెండు రోజులు నోరు మూసుకున్నందుకు ఒక ఆడమనిషి కాలు విరిగింది. ఇంక మూసుకోను." మానిటరుని యూనియన్ వాళ్ల వైపు తిప్పాను. "చూడండి. ఇది బాధ్యుడి కాలమ్. కిందికి జరుపుతున్నాను, చూస్తూ ఉండండి. ఎక్కడైనా ఇంకో పేరుందా? ఖాళీగా ఉంటే ఎక్కదని, ముహూర్తం దాటిపోతుందని, ఈయన చెప్తే నేను ఒక్కసారి కొట్టి మూల పట్టుకుని లాగాను. షాపు సామాను కూడా ఇందులోనే ఉంది. ఇదిగో, సార్ కూర్చున్న కుర్చీ. ఇదిగో, గదిలో ఏసీ. మీ చేతుల్లో ఉన్న సీసాలు తీసిన ఫ్రిజ్. అన్నీ కరిముల్లా ఇచ్చినట్టే పడతాయి."

ఒకాయన సీసా బల్ల మీద పెట్టేశాడు.

"స్లిప్పు మీద తేదీ చూడండి. బక్రీదు వెళ్లాక సోమవారం. ఆ మూడు రోజులూ ఆయన సెలవులో ఉన్నాడు, హాజరు పుస్తకం ఇక్కడే ఉంది. నమ్మకపోతే ఇది చూడండి." బోణీ వరస తెరిచాను. "బక్రీదు రోజు, పది ముప్పై రెండు, బ్రేకు హోసు ఒకటి, ఇచ్చినవారు కరిముల్లా. ఆ టైముకి ఆయన ఇబ్రహీంపట్నంలో ఈద్గా నుంచి ఇంటికి నడుస్తున్నాడు. మరి ఆ హోసు ఎవరిచ్చారో తలెత్తి చూడండి."

అందరూ తలెత్తారు. రత్తయ్య గారి పటం పక్కన ఫ్రేములో పవన్‌కుమార్ బొట్టు పెట్టుకుని నవ్వుతూ పసుపురంగు హోసు పాకెట్ అందిస్తున్నాడు. ఫోటో మూల తేదీ, టైము పడి ఉన్నాయి. పవన్‌కుమార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నాకు జాలి వేయలేదు, ఇప్పటికీ వేయడంలేదు.

బాబాయి పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రత్తయ్య గారి పటం కింద పెట్టాడు.

యూనియన్ వాళ్లు వదల్లేదు. తెరేసమ్మ వైద్యం షాపే చేయించాలన్నారు. మూడు చుక్కల హోసు ఉన్నవాళ్లు తెస్తే ఉచితంగా మారుస్తామని గేటు దగ్గర బోర్డు పెట్టించారు. ఆ బోర్డు చూసి వారంలో ఇద్దరొచ్చారు. మొదట దొరికినవి మూడు, తెరేసమ్మ ఎక్కిన ఆటోలోది ఒకటి, ఇవి రెండు. ఆరు. ఇంకొక్కటి మిగిలింది.

నెలాఖరున నన్ను రావద్దన్నారు. డేటాలో తప్పులు చేశానట. అది అబద్ధం కాదు కాబట్టి వాదించలేదు. ఇప్పుడు బందరు రోడ్డులో ఒక టైర్ల షాపులో పనిచేస్తున్నాను. బాబాయిని తీసేసే ధైర్యం పవన్‌కుమార్‌కి లేకపోయింది. యూనియన్ వాళ్లు వచ్చి వెళ్లిన మర్నాడే బాబాయి చిన్న డబ్బా, బ్రష్షు తెచ్చుకుని మూలన అడుగు అరకి మళ్లీ నలుపు పూశాడు. ఎవరూ ఆపలేదు.

పోయిన వారం బాబాయి ఫోన్ చేశాడు. గేటు దగ్గర బోర్డు పీకేశారని చెప్పాడు. ఎందుకు పీకారని అడిగితే, సిస్టంలో ఏడుకి ఏడూ తిరిగొచ్చినట్టు చూపిస్తోందట. ఒకటి తేడా ఉంటే రిపోర్టు ఎర్రగా వస్తోందని, సర్దుబాటు అని ఒక ఎంట్రీ వేసి మూసేశారట. ఇప్పుడు లెక్క సరిపోయింది. నేను ఫోను పట్టుకుని నడిరోడ్డు మీద ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాయలేను. బాబాయి అంతా విని, "తిట్టుకుంటే దొరకదు కదమ్మా" అన్నాడు.

మిగిలింది ఆ బోణీ హోసే అయి ఉంటుందని మా ఇద్దరి అనుమానం. మిగతా ఆరూ ఎవరు ఏ రోజు కొన్నారో తేలింది, ముహూర్తం నాటి డ్రైవరు ఒక్కడే తేలలేదు. ఫోటోలో పవన్‌కుమార్ పళ్లతో సహా పడ్డాడు. తీసుకునే మనిషిది చెయ్యి మాత్రమే పడింది, వేలికి గుర్రపు నాడా ఉంగరం. ఈ ఊళ్లో ఆటోవాళ్లలో సగం మందికి ఆ ఉంగరం ఉంటుంది. నేను ఆటో ఎక్కితే ముందు హ్యాండిల్ మీద చేతులు చూస్తాను.

మొన్న సాయంత్రం బెంజిసర్కిల్లో ఎక్కిన ఆటో డ్రైవరు వేలికి ఆ ఉంగరం కనిపించింది. జూన్‌లో బ్రేకు హోసు మార్చారా అంటే మార్పించానన్నాడు. ఎక్కడంటే, ఆటోనగర్‌లోనే అన్నాడు. దిగి, బండి పక్కకి ఆపించి బాబాయికి ఫోన్ చేశాను. అరగంటలో సిటీ బస్సులో వచ్చాడు. తువ్వాలు పరిచి బండి కిందికి దూరాడు. డ్రైవరూ నేనూ ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాం.

"చుక్కల్లేవమ్మా," అని వినిపించింది కింద నుంచి.

బయటికొచ్చి, మోకాలు పట్టుకుని లేచి, డ్రైవరుకి దండం పెట్టాడు. తువ్వాలు దులుపుకుని, వెనక ఆగి ఉన్న ఆటో కింద పరుచుకున్నాడు.